గణిత భాస్కరుడు

ప్రాచీన భారతదేశంలో సాహిత్యానికీ శాస్త్రానికీ నడుమ నేడు కనిపించే ఎడం లేదు. వైద్యం, జ్యోతిషం, గణితం వంటి శాస్త్రాలు ఎక్కువగా పద్యరూపంలోనే వెలువడ్డాయి. శాస్త్రకారుడు ఛందస్సును అభ్యసించేవాడు. శిష్యుడు సూత్రాలను కంఠస్థం చేసి, గురుముఖతః వాటి మర్మాన్ని గ్రహించేవాడు. ఈ సంప్రదాయంలో కవితా మాధుర్యాన్నీ గణిత కాఠిన్యాన్నీ ఒకే చోట నిలిపిన మహనీయుడు భాస్కరాచార్యుడు. లెక్క చేయడం ఒక విద్య. వచ్చిన సమాధానం అడిగిన ప్రశ్నకు తగునా అని విచారించడం అంతకంటె గొప్ప విద్య. ఈ రెండవ విద్యను భాస్కరుడు తన జీవితమంతా బోధించాడు.

భాస్కరుడు శాలివాహన శకం 1036లో, అనగా క్రీ.శ. 1114లో జన్మించాడు. ప్రాచీన గ్రంథకర్తలలో చాలామంది తమ కాలాన్ని గురించి మౌనం వహించారు. భాస్కరుడు అట్లా కాక, తన జన్మ సంవత్సరాన్నీ గ్రంథరచన నాటికి తన వయస్సునూ స్వయంగా పద్యంలో పొందుపరచాడు. కాలగణనమే వృత్తిగా గలవాడు తన కాలాన్ని చెప్పకుండా విడువలేదు. ఆయన స్వస్థలం సహ్యాద్రి ప్రాంతంలోని విజ్జలవిడం. శాండిల్య గోత్రజుడు. తండ్రి మహేశ్వరుడు జ్యోతిశ్శాస్త్ర పండితుడు. ఆయనే భాస్కరునికి గురువు. వంశంలో తరతరాలుగా విద్వాంసులున్నారు. పూర్వీకులలో ఒకరు భోజరాజు నుండి విద్యాపతి అనే బిరుదును పొందినట్లు శాసనం తెలుపుతున్నది. విద్య ఆ ఇంటికి వారసత్వంగా వచ్చిన సంపద.

అయితే వారసత్వంగా లభించిన దానిని భద్రపరచడంతోనే భాస్కరుడు తృప్తి చెందలేదు. ఆయనకు పూర్వం ఆర్యభటుడు క్రీ.శ. 499లో, బ్రహ్మగుప్తుడు 628లో గణిత జ్యోతిషాలకు దృఢమైన పునాదులు వేశారు. ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు, శూన్యం అనే మూడింటితో లెక్క చేసే నియమాలను బ్రహ్మగుప్తుడు స్పష్టంగా చెప్పాడు. శ్రీధరుడు, పద్మనాభుడు బీజగణితంలో గ్రంథాలు రచించారు. ఈ పెద్దల గ్రంథాలన్నీ భాస్కరుడు పరిశీలించాడు. అవి అతి విస్తృతంగా ఉన్నాయని, విద్యార్థులకు ఉపకరించే విధంగా వాటి సారాన్ని సంగ్రహించవలసి ఉన్నదని భావించాడు. ఆ భావనకు ఫలమే సిద్ధాంత శిరోమణి. 1150లో, తన ముప్పయి ఆరవ ఏట ఆయన ఈ గ్రంథాన్ని పూర్తి చేశాడు.

సిద్ధాంత శిరోమణిలో నాలుగు భాగాలున్నాయని పండితులు పరిగణిస్తారు. మొదటిదైన లీలావతి అంకగణితాన్నీ క్షేత్రగణితాన్నీ బోధిస్తుంది. రెండవదైన బీజగణితం అవ్యక్త రాశులతో లెక్క చేసే పద్ధతిని వివరిస్తుంది. గ్రహగణితం, గోళాధ్యాయం అనే తక్కిన రెండూ ఖగోళశాస్త్రానికి సంబంధించినవి. సూత్రాన్ని చెప్పి విడిచిపెట్టక, దానికి కారణాన్ని కూడ చెప్పాలని భాస్కరుడు తన గ్రంథానికి తానే వాసనాభాష్యమనే వ్యాఖ్యను రచించాడు. ఉపపత్తి తెలియని గణకుడు పండిత సభలో గౌరవాన్ని పొందలేడని, అతని మనస్సులోని సందేహం కూడ తొలగదని ఆయన అభిప్రాయం. ఇక్కడ ఉపపత్తి అంటే ఒక ఫలితం ఎందుకు నిజమో చూపే హేతువు. గ్రహణం పట్టే వేళను ముందుగా చెప్పే జ్యోతిష్కునికి ఇది కేవలం పాండిత్య ప్రదర్శన కాదు. లెక్క తప్పితే ఆకాశమే ఆ తప్పును లోకానికి చాటుతుంది.

లీలావతి అత్యంత రమణీయమైన గ్రంథం. అందులోని ప్రశ్నలు ఎండిన అంకెల వరుసలు కావు. గాలికి విరిగి నేలను తాకిన వెదురు, పుట్టవైపు పరుగెత్తే పామును పట్టబోయే నెమలి, గాలికి ఒరిగి నీటిలో మునిగిన తామర, తుమ్మెదల దండు, హంసల గుంపు అందులో దర్శనమిస్తాయి. గణితాన్ని చదువుతున్నామనే భారం తెలియకుండా విద్యార్థి ఆ దృశ్యంలోనికి ప్రవేశిస్తాడు. అటుపిమ్మట ఆ దృశ్యమే అతనికి ఒక నియమాన్ని విధిస్తుంది. ఈ విషయాన్ని గ్రహించడానికి భారతయుద్ధానికి సంబంధించిన ఒక ప్రశ్నను పరిశీలించవచ్చు.

కర్ణునితో పోరాడుతూ అర్జునుడు కొన్ని బాణాలను తీసుకొన్నాడు. వాటిలో సగంతో కర్ణుని బాణాలను నివారించాడు. మొత్తం బాణాల వర్గమూలానికి నాలుగు రెట్లతో గుర్రాలను కొట్టాడు. ఆరింటితో శల్యుని, మూడింటితో ఛత్రాన్నీ ధ్వజాన్నీ ధనుస్సునూ, ఒక దానితో శిరస్సును ఛేదించాడు. మొత్తం బాణాలు ఎన్ని? సమాధానం నూరు. సగం యాభై, మూలమైన పదికి నాలుగు రెట్లు నలభై, తక్కినవి పది. మొత్తం సరిపోయింది.

నేటి విద్యార్థి ఈ లెక్కను వర్గ సమీకరణంగా వ్రాసినట్లయితే ఒక వింత ఎదురవుతుంది. బాణాల సంఖ్యకు వర్గమూలాన్ని ‘య’ అనుకొంటే, య² − 8య − 20 = 0 అనే సమీకరణం వస్తుంది. దీనికి 10, −2 అని రెండు మూలాలున్నాయి. రెండవ మూలాన్ని తీసుకొంటే బాణాలు నాలుగు. అందులో సగం రెండు, గుర్రాలను కొట్టినవి ఋణ ఎనిమిది, తక్కినవి పది. కూడితే నాలుగే వస్తుంది! సమీకరణం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కాని ఋణ ఎనిమిది బాణాలతో గుర్రాలను కొట్టే విలుకాడు లోకంలో లేడు. సమీకరణం ఒప్పుకొన్నంత మాత్రాన ప్రశ్న ఒప్పుకోదని ఈ ఉదాహరణ తేటతెల్లం చేస్తున్నది.

ఈ సూక్ష్మాన్ని భాస్కరుడు బీజగణితంలో విశదంగా చర్చించాడు. తెలియని రాశిని ఆయన యావత్తావత్తు అని పిలిచి, దాని మొదటి అక్షరమైన ‘యా’తో సూచించాడు. తెలియని రాశులు ఎక్కువైతే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టాడు. ఋణ సంఖ్యను గుర్తించడానికి అంకెపై చుక్కను ఉంచాడు. వర్గ సమీకరణాన్ని సాధించే ప్రక్రియకు మధ్యమాహరణమని పేరు. వర్గపదానికీ స్థిరపదానికీ నడుమనున్న పదాన్ని తొలగించడం కనుక ఆ పేరు సార్థకం. ఇందుకు శ్రీధరుడు చెప్పిన ఉపాయాన్ని భాస్కరుడు ఆయన పేరుతోనే పేర్కొన్నాడు. సమీకరణపు రెండు పక్షాలనూ వర్గపద గుణకానికి నాలుగు రెట్లతో గుణించి, మధ్యపద గుణకపు వర్గాన్ని రెండు వైపులా కలపాలి. అప్పుడు ఒక పక్షం పూర్ణవర్గమవుతుంది. శ్రీధరుని బీజగణిత గ్రంథం కాలగర్భంలో కలిసిపోయింది. ఈ సూత్రం మాత్రం భాస్కరుని కృతజ్ఞత వల్ల నేటికీ నిలిచి ఉన్నది. పూర్వుల ఋణాన్ని ఒప్పుకోవడం శాస్త్రాన్ని బ్రతికించే ధర్మమని ఇది నిరూపిస్తుంది.

ధన సంఖ్యకు వర్గమూలాలు రెండని, ఒకటి ధనం, మరొకటి ఋణమని భాస్కరుడు చెప్పాడు. కనుక మధ్యమాహరణం చేసినప్పుడు రెండు సమాధానాలు వచ్చే అవకాశమున్నది. అప్పుడు ఏది గ్రాహ్యం? ఏది త్యాజ్యం? కోతుల గుంపును గూర్చిన రెండు ప్రశ్నలు దీనికి జవాబు చెబుతాయి.

మొదటి ప్రశ్నలో గుంపులోని ఎనిమిదవ వంతుకు వర్గమెంతో అన్ని కోతులు వనంలో ఆడుకొంటున్నాయి. తక్కిన పన్నెండు కొండపై కిచకిచలాడుతున్నాయి. గుంపులో కోతులెన్ని? ఈ లెక్కకు 48, 16 అని రెండు సమాధానాలు వస్తాయి. నలభై ఎనిమిదిలో ఎనిమిదవ వంతు ఆరు, దాని వర్గం ముప్పయి ఆరు, పన్నెండుతో కలిపి నలభై ఎనిమిది. పదహారులో ఎనిమిదవ వంతు రెండు, దాని వర్గం నాలుగు, పన్నెండుతో కలిపి పదహారు. రెండూ దృశ్యానికి సరిపోయాయి. భాస్కరుడు రెండింటినీ స్వీకరించాడు.

రెండవ ప్రశ్నలో గుంపులోని అయిదవ వంతు నుండి మూడు తీసివేసి, మిగిలిన దానిని వర్గం చేస్తే ఎంతో అన్ని కోతులు గుహలోనికి వెళ్ళాయి. ఒక్క కోతి కొమ్మపై కనిపిస్తున్నది. ఇక్కడ 50, 5 అని రెండు మూలాలు వస్తాయి. యాభైలో అయిదవ వంతు పది, మూడు తీసివేస్తే ఏడు, వర్గం నలభై తొమ్మిది. ఒకటి కలిపితే యాభై. అయిదుకు అయిదవ వంతు ఒకటి. ఒక కోతి నుండి మూడు కోతులను తీసివేయడం ఎట్లా? వచ్చిన ఋణ రెండును వర్గం చేస్తే నాలుగై లెక్క కుదురుతుంది. అయినను భాస్కరుడు అయిదును తిరస్కరించాడు. లోకంలో కంటికి కనిపించే వస్తువుల సంఖ్య ఋణమైతే జనులు దానిని ఒప్పుకోరని ఆయన కారణం చెప్పాడు.

శంకుచ్ఛాయను గురించిన ప్రశ్నలో కూడ ఆయన ఇదే వివేకాన్ని చూపాడు. పన్నెండు అంగుళాల శంకువును ఎండలో నిలిపారు. దాని నీడ నుండి ఛాయాకర్ణంలో మూడవ వంతును తీసివేస్తే పద్నాలుగు అంగుళాలు మిగిలింది. ఛాయాకర్ణమంటే శంకువు కొన నుండి నీడ కొన వరకు గల దూరం. లెక్క చేస్తే నీడ ఇరవై రెండున్నర అంగుళాలు లేదా తొమ్మిది అంగుళాలు అని వస్తుంది. నీడ నుండి కొంత తీసివేయగా పద్నాలుగు మిగలవలసి ఉండగా, ఆ నీడ తొమ్మిది అంగుళాలే కావడం అసంభవం. తొమ్మిదిని గ్రహిస్తే ఛాయాకర్ణం ఋణ పదిహేను అవుతుంది. పొడవు ఋణం కాజాలదు. కనుక ఇరవై రెండున్నరే సరైన సమాధానం.

భాస్కరుడు ఈ విచారణకు ప్రత్యేకమైన పేరు పెట్టలేదు. నేటి గణితశాస్త్రం దానికి పేరు పెట్టింది. ఒక ప్రమేయంలో చలరాశికి ఇవ్వదగిన విలువల సమితిని ప్రదేశం అంటారు. ఆ విలువలను ఇచ్చినప్పుడు ఫలితాలుగా వెలువడే విలువల సమితిని వ్యాప్తి అంటారు. ఏవి అడగవచ్చునో ప్రదేశం నిర్ణయిస్తుంది. ఏవి లభిస్తాయో వ్యాప్తి తెలుపుతుంది. వర్గ ప్రమేయాన్ని కేవలం సంఖ్యల మధ్య సంబంధంగా చూసినప్పుడు వాస్తవ సంఖ్యలన్నీ దాని ప్రదేశమే. కాని అదే ప్రమేయం కోతుల గుంపును వర్ణించేటప్పుడు ప్రదేశం కుదించుకుపోతుంది. రెండవ ప్రశ్నలో గుంపు సంఖ్య అయిదుచేత నిశ్శేషంగా భాగింపబడాలి, పదిహేను కంటె ఎక్కువ కావాలి. యాభై ఆ ఎల్లలోపల ఉన్నది. అయిదు ఎల్ల దాటి ఉన్నది. భాస్కరుడు దానిని విడిచిపెట్టడంలో గల రహస్యమిదే.

ప్రదేశాన్ని గూర్చి ఇంత జాగ్రత్త వహించిన భాస్కరుడు వ్యాప్తికి మూలమైన సత్యాన్ని కూడ చెప్పాడు. ఋణ సంఖ్యకు వర్గమూలం లేదు, ఏలయనగా ఋణ సంఖ్య దేనికీ వర్గం కాదు. ధనాన్ని ధనంతో గుణించినా, ఋణాన్ని ఋణంతో గుణించినా ధనమే వస్తుంది. ఆయనకంటె మూడు వందల ఏండ్ల క్రితం రాష్ట్రకూట అమోఘవర్షుని కాలానికి చెందిన మహావీరాచార్యుడు కూడ ఈ మాటే చెప్పాడు. ఆ మహావీరుని గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలో అనువదించి, మన భాషలో శాస్త్రగ్రంథ రచనకు బాటలు వేశాడు. గణితం పద్యమై నడచిన సంప్రదాయంలో తెలుగుకు ఈ విధంగా భాగమున్నది.

వర్గం ఎన్నడూ ఋణం కాదనే ఈ ఒక్క సత్యం నుండి ఏ వర్గ ప్రమేయపు వ్యాప్తినైనా కనుగొనవచ్చు. ఉదాహరణకు య² − 6య + 14 అనే ప్రమేయాన్ని తీసుకొందాం. మధ్యమాహరణ పద్ధతిలో దీనిని పూర్ణవర్గంగా మార్చితే (య − 3)² + 5 అవుతుంది. ఇందులోని వర్గభాగం శూన్యం కంటె తగ్గదు. కనుక మొత్తం అయిదు కంటె తగ్గదు. ‘య’ విలువ మూడైనప్పుడు సరిగా అయిదు వస్తుంది. అక్కడి నుండి ఎటు జరిగినా విలువ పెరుగుతూనే ఉంటుంది. కావున దీని ప్రదేశం వాస్తవ సంఖ్యలన్నీ. వ్యాప్తి అయిదు, అంతకంటె పెద్దవైన వాస్తవ సంఖ్యలు. ఈ ప్రమేయం ఎప్పుడైనా నాలుగుకు సమానమవుతుందా అని ఎవరైనా అడిగితే, వెదకనవసరం లేకుండానే కాదని చెప్పవచ్చు.

వర్గపదానికి ముందు ఋణచిహ్నమున్నప్పుడు పరిస్థితి తలక్రిందులవుతుంది. పదహారు బారల త్రాటితో దీర్ఘచతురస్రాకారపు మడిని చుట్టాలనుకొందాం. పొడవు, వెడల్పుల మొత్తం ఎనిమిది బారలు. ఒక భుజం ‘య’ అయితే రెండవది 8 − య. వైశాల్యం 8య − య². దీనిని 16 − (య − 4)² అని వ్రాయవచ్చు. పదహారు నుండి ఏదో ఒక వర్గాన్ని తీసివేస్తున్నాం కనుక ఫలితం పదహారును మించదు. భుజం నాలుగు బారలైనప్పుడు, అనగా మడి చతురస్రమైనప్పుడు, వైశాల్యం గరిష్ఠమవుతుంది. సంఖ్యలకు మాత్రమే పరిమితమై చూస్తే వ్యాప్తి పదహారు, అంతకంటె చిన్నవైన వాస్తవ సంఖ్యలన్నీ. కాని మడికి భుజం శూన్యం కంటె ఎక్కువగా, ఎనిమిది కంటె తక్కువగా ఉండాలి. కనుక వైశాల్యం శూన్యానికి మించి, పదహారు వరకే ఉంటుంది. ప్రదేశం మారితే వ్యాప్తి కూడ మారగలదని దీనివల్ల తెలుస్తున్నది.

వర్గ ప్రమేయాన్ని రేఖాచిత్రంగా గీస్తే పరావలయం వస్తుంది. అది పైకి తెరచుకొంటే అడుగున కనిష్ఠ బిందువు, క్రిందికి తెరచుకొంటే పైన గరిష్ఠ బిందువు ఉంటాయి. ఈ చిత్రణ పద్ధతి భాస్కరుని కాలంలో లేదు. 1637లో డెకార్ట్ జ్యామితి గ్రంథం వెలువడిన తరువాత అది క్రమంగా వ్యాప్తిలోనికి వచ్చింది. అయినను ఒక రాశి గరిష్ఠస్థితిని చేరేచోట దాని మార్పు శూన్యమవుతుందనే సూక్ష్మాన్ని భాస్కరుడు గ్రహగతుల సందర్భంలో గమనించాడు. గ్రహాల తాత్కాలిక గతిని గూర్చిన ఆయన భావనలు తరువాతి యుగపు కలన గణితానికి చేరువగా ఉన్నాయి.

ఇంతటి మేధావికి కూడ ఒక చోట హద్దు చిక్కలేదు. శూన్యంతో భాగించగా వచ్చే రాశిని ఆయన ఖహరం అన్నాడు. అది అనంతమని, దానికి ఏది కలిపినా దాని నుండి ఏది తీసివేసినా మార్పు చెందదని చెప్పి, సృష్టి ప్రళయాలలో జీవరాశులు వెలువడినా లీనమైనా మార్పు లేని భగవంతునితో పోల్చాడు. పోలిక మనోహరమైనది. కాని ఒక సంఖ్యను శూన్యంతో గుణించి మరల శూన్యంతో భాగిస్తే మొదటి సంఖ్యే వస్తుందని భావించి లీలావతిలో ఒక లెక్క కూడ చేశాడు. నేటి గణితం దీనిని అంగీకరించదు. భాగహారంలో హారపు ప్రదేశం నుండి శూన్యాన్ని బహిష్కరించింది. కోతుల లెక్కలో ఎల్ల గీసిన చేయి శూన్యం దగ్గర తడబడింది. ఇందువల్ల భాస్కరుని మహత్త్వం తగ్గదు. ఆయన నేర్పిన పరీక్షనే తరువాతివారు ఆయన లెక్కకు కూడ ప్రయోగించారు. శాస్త్రంలో గురుభక్తి అంటే ఇదే.

ఋణ సంఖ్యకు మూలం లేదన్న ఆయన మాట కథ వేరు. పదహారవ శతాబ్దిలో ఇటలీ గణితజ్ఞులైన కార్డానో, బొంబెల్లి అట్టి మూలాలతో లెక్కలు చేయసాగారు. క్రమంగా సంకీర్ణ సంఖ్యలు అవతరించాయి. అంటే భాస్కరుని వాక్యం అసత్యమైనదని కాదు. వాస్తవ సంఖ్యల ప్రదేశంలో అది నేటికీ సత్యమే. ప్రదేశాన్ని విస్తరించినప్పుడు కొత్త సమాధానాలు పుట్టాయి. ఏ మాటనైనా అది ఏ ఎల్లలలో సత్యమో తెలిసి పలకాలి.

భాస్కరుని ప్రతిభకు చక్రవాళ పద్ధతి మరొక నిదర్శనం. ఒక సంఖ్య వర్గాన్ని 61తో గుణించి ఒకటి కలిపితే అది కూడ పూర్ణవర్గం కావాలనే ప్రశ్నను ఆయన ఈ పద్ధతిలో సాధించాడు. ఆ సంఖ్య 22,61,53,980. వచ్చే వర్గానికి మూలం 176,63,19,049. ఇదే ప్రశ్నను 1657లో ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా యూరపు పండితులకు సవాలుగా విసిరాడు. అప్పటికి అయిదు వందల ఏండ్ల క్రితమే సమాధానం సంస్కృతంలో వ్రాయబడి ఉన్నది.

లీలావతి అనే పేరును గూర్చి ఒక కథ లోకంలో ప్రచారంలో ఉన్నది. లీలావతి భాస్కరుని కుమార్తె అని, ఆమె వివాహ ముహూర్తం కోసం అమర్చిన ఘటికాయంత్రంలో ముత్యం పడి రంధ్రం మూసుకుపోవడంతో శుభవేళ దాటిపోయిందని, కుమార్తె దుఃఖాన్ని పోగొట్టడానికి తండ్రి గ్రంథానికి ఆమె పేరు పెట్టాడని ఆ కథ. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో చేసిన పారశీకానువాదపు పీఠికలో ఇది కనిపిస్తుంది. భాస్కరుని గ్రంథాలలో ఈ వృత్తాంతం లేదు. కథ హృదయాన్ని కదిలిస్తుంది. కాని హృద్యమైన ప్రతి కథా చరిత్ర కాదు. సమాధానాన్ని పరీక్షించి గ్రహించుమన్న భాస్కరుని జీవితానికి కూడ ఆ పరీక్ష వర్తిస్తుంది.

1183 ప్రాంతంలో, దాదాపు డెబ్బయి ఏండ్ల వయస్సులో భాస్కరుడు కరణకుతూహలమనే మరొక గ్రంథాన్ని రచించాడు. పంచాంగ గణనను సులభం చేయడం దాని లక్ష్యం. వృద్ధాప్యంలో కూడ ఆయన జ్ఞానోపాసన సడలలేదు. ఆయన కుమారుడు లక్ష్మీధరుడు కూడ గొప్ప విద్వాంసుడు. దేవగిరి యాదవరాజు జైత్రపాలుడు లక్ష్మీధరుని తన ఆస్థానానికి రప్పించి పండితులలో అగ్రస్థానమిచ్చాడు. ఈ జైత్రపాలుడే జైతుగి అనే పేరుతో తెలుగు చరిత్రలో కనిపిస్తాడు. కాకతీయులతో యుద్ధం చేసి గణపతిదేవుని బందీగా పట్టి, తరువాత విడిచిపెట్టినవాడు ఆయనే. కత్తులు కలహించుకొన్న ఆ కాలంలో కూడ గణిత విద్యకు ఆదరణ లోపించలేదు.

భాస్కరుని మనుమడు చాంగదేవుడు యాదవ సింఘణరాజు వద్ద ఆస్థాన జ్యోతిష్కుడు. తాతగారి గ్రంథాల అధ్యయనానికై ఆయన ఒక మఠాన్ని నెలకొల్పాడు. సోయిదేవుడనే సామంతుడు దానికి దానం చేశాడు. 1207 నాటి ఈ దానశాసనం మహారాష్ట్రలోని చాళీస్‌గావ్ సమీపాన గల పాట్ణా గ్రామ దేవాలయంలో లభించింది. భాస్కరుని వంశచరిత్రను మనకు అందించినది అదే. తాత సంపాదించిన కీర్తిని అనుభవించడంతో ఆగక, తాత విద్యను బ్రతికించాలని తలచిన మనుమడు ధన్యుడు. తరువాతి శతాబ్దులలో లీలావతికి అనేక వ్యాఖ్యలు వెలిశాయి. 1634లో అతావుల్లా రషీదీ బీజగణితాన్ని పారశీకంలోనికి మార్చాడు. 1817లో కోల్‌బ్రూక్ ఈ రెండు గ్రంథాలనూ ఆంగ్లంలో ప్రచురించడంతో భాస్కరుని పేరు ప్రపంచమంతటా వినిపించింది. 2014లో ఆయన నవమ శతజయంతి జరిగింది.

నిర్మలమైన బుద్ధియే అసలైన బీజమని భాస్కరుడు విశ్వసించాడు. సూత్రాన్ని ఎవరైనా కంఠస్థం చేయవచ్చు. నేడు లెక్కను యంత్రం కూడ క్షణంలో చేస్తుంది, రెండు మూలాలనూ చూపుతుంది. వాటిలో ఏది అడిగిన ప్రశ్నకు చెందుతుందో నిర్ణయించే బాధ్యత మాత్రం మనిషిదే. అడగదగినదేదో, పొందదగినదేదో ఎరిగి నడచుకోవడం గణితంలోనే కాక జీవితంలో కూడ వివేకమనిపించుకొంటుంది. తొమ్మిది శతాబ్దుల నాటి కోతుల గుంపు నుండి నేటి విద్యార్థి గ్రహించవలసిన పాఠమిదే.

కఠిన పదాలు – అర్థాలు
ఎడం = దూరం
కాఠిన్యం = గట్టితనం
ఉపపత్తి = హేతువుతో కూడిన నిరూపణ
అవ్యక్త రాశి = విలువ తెలియని రాశి
గ్రాహ్యం = స్వీకరించదగినది
త్యాజ్యం = విడువదగినది
నిశ్శేషంగా = శేషం లేకుండా
ఘటికాయంత్రం = నీటితో కాలాన్ని కొలిచే పాత్ర
ఎల్ల = హద్దు

సంధులు
భాస్కరాచార్యుడు = భాస్కర + ఆచార్యుడు – సవర్ణదీర్ఘ సంధి
గోళాధ్యాయం = గోళ + అధ్యాయం – సవర్ణదీర్ఘ సంధి
జ్ఞానోపాసన = జ్ఞాన + ఉపాసన – గుణసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

వ్యాసరూప ప్రశ్నలు
1. భాస్కరాచార్యుని జీవితాన్నీ రచనలనూ వివరించండి.
2. కోతుల గుంపును గూర్చిన రెండు ప్రశ్నలలో భాస్కరుడు చూపిన వివేకాన్ని విశదీకరించండి.

సంగ్రహ ప్రశ్నలు
1. మధ్యమాహరణం అంటే ఏమిటి? అందులో శ్రీధరుని ఉపాయాన్ని తెలపండి.
2. ప్రదేశం, వ్యాప్తి అనే పదాలను ఉదాహరణతో వివరించండి.
3. లీలావతిని గూర్చిన కథను చరిత్రగా ఎందుకు గ్రహించలేము?
4. చాంగదేవుడు తాతగారి విద్యను ఏ విధంగా నిలబెట్టాడు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సిద్ధాంత శిరోమణి ఏ సంవత్సరంలో పూర్తయింది?
2. గణితసార సంగ్రహాన్ని తెలుగులోనికి అనువదించినదెవరు?
3. ఋణ సంఖ్యకు వర్గమూలం లేదని భాస్కరుడు ఎందుకన్నాడు?
4. ఖహరం అంటే ఏమిటి?